జ్వరమొచ్చిన మనిషిని నిద్రపోనివ్వండి

గోదావరి జిల్లాల్లో జ్వరం అనడానికి ముందు ‘ఒంట్లో నలతగా ఉందండి’ అంటారు. థర్మామీటరు ఇంకా 99 దాటి ఉండదు. కానీ అన్నం సయించదు, ఎవరైనా పలకరిస్తే విసుగొస్తుంది, నడుం వాల్చాలనిపిస్తుంది, కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇన్ని లక్షణాల్ని ఒక్క మాటలో చుట్టేసిన పదం అది. 1988లో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త, జబ్బుపడ్డ జంతువుల ప్రవర్తన గురించి రాస్తూ ఈ లక్షణాలన్నిటినీ ఒకే మూట కింద చూడాలన్నాడు. క్రిమి చేసిన పాడు కింద వీటిని లెక్కేయకూడదనీ, క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తనంతట తాను చేసుకునే ఏర్పాటనీ ఆయన వాదన. కోళ్ళు, గేదెలు పెంచేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కొక్కెర తెగులు తగిలిన కోడి ఈకలు ఉబ్బించుకుని మూలన తూగుతూ కూర్చుంటుంది. ఒంట్లో బాగోని గేదె మేత ముట్టదు, నెమరు వెయ్యదు, తల వాల్చేస్తుంది. దాన్ని ఎవరూ బద్ధకం అనరు.

మనిషి దగ్గరకొచ్చేసరికి లెక్క మారిపోతుంది. పొద్దున్న నలతగా ఉందంటే మధ్యాహ్నానికి సూది, సాయంత్రానికి సెలైను సీసా, రాత్రికి మళ్ళీ రొయ్యల చెరువు గట్టు మీద కాపలా. ఇంట్లో ఉన్నవాళ్ళకైతే ‘అలా పడుకునే ఉంటే జ్వరం ఇంకా ఎక్కువవుద్ది, లేచి కూర్చో’ అని పెద్దల అదిలింపు. సూది వేయించుకునేవాడిదీ, లేచి కూర్చోమనే పిన్నిగారిదీ ఒకటే నమ్మకం: నిద్రపోవడమంటే జ్వరానికి లొంగిపోవడం. ఆ నమ్మకం తప్పని నా వాదన. జ్వరంలో వచ్చే మగతని మన రోగనిరోధక వ్యవస్థే, కొన్ని అణువుల చేత మెదడుకి కబురంపి మరీ తెప్పించుకుంటుంది. అలాగని మగతలన్నీ ఒక్కటి కావు. కొన్నిటికి క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ తేడా చెప్పకుండా ‘పడుకోండి’ అని మాత్రమే చెప్పడం ప్రమాదం కాబట్టి దాని దగ్గరికీ వస్తాను.

ముందు ఈ అణువులు ఎలా బయటపడ్డాయో చూడాలి, ఎందుకంటే ఆ వెతుకులాటలో ఒక తమాషా ఉంది. 1909లో జపాన్‌లో ఇషిమోరి, 1913లో ఫ్రాన్స్‌లో లెజాంద్ర్, పియరాన్ విడివిడిగా ఒకే ప్రయోగం చేశారు. కుక్కల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, హాయిగా నిద్రపోయి లేచిన కుక్కలకి ఎక్కించారు. అవి నిద్రలోకి జారుకున్నాయి. అంటే మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో ఏదో పదార్థం పోగవుతోందన్నమాట. 1960లలో హార్వర్డ్‌లో జాన్ పాపెన్‌హైమర్ మేకల మీద అదే పని చేసి, దానికి ‘ఫ్యాక్టర్ ఎస్’ అని పేరు పెట్టాడు. రసాయనంగా అదేమిటో తేల్చాలంటే మేకల మెదడు ద్రవం ఏ మూలకీ చాలదు. అందుకని మనుషుల మూత్రం వేల లీటర్లు వడగట్టారు. 1982లో తేలిందేమిటంటే అది మ్యురమిల్ పెప్టైడ్. బాక్టీరియా గోడ కట్టుకునే ఇటుక అది. మన కణాలు దాన్ని తయారు చేయలేవు. నిద్రమందు కోసం మెదడంతా గాలిస్తే చేతికి క్రిమి గోడ పెళ్ళ దొరికింది!

ఆ పెళ్ళ తనంతట తాను నిద్ర పుట్టించదు. దాన్ని చూసి ఉలిక్కిపడిన మన కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-1 అనే అణువు ఆ పని చేస్తుందని 1984లో జేమ్స్ క్రూగర్ బృందం కుందేళ్ళలో చూపించింది. అప్పటిదాకా దాన్ని జ్వరం పుట్టించే పదార్థంగానే ఎరుగుదురు. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన సంగతొకటుంది: జ్వరం ఎక్కకుండా మందుతో అడ్డుకున్నా కుందేళ్ళలో నిద్ర పెరగడం ఆగలేదు. ఒళ్ళు కాలిపోవడం వల్ల మగత వస్తుందనుకుంటాం. నిజానికి జ్వరమూ మగతా ఒకే తల్లి బిడ్డలు. ఒకదాని వెనక ఒకటి పుట్టినవి కావు. జ్వరం మాత్రతో ఒళ్ళు చల్లబడిన మనిషి ఇంకా తూగుతుంటే ‘జ్వరం తగ్గిందిగా, ఇంకా పడకేమిటి’ అనడం అందుకే అన్యాయం.

ఇప్పుడు ఒక క్రిమి వెంట నడుద్దాం. సార్వా నాట్లప్పుడు ఎలుకల మూత్రం కలిసిన బురదలోంచి లెప్టోస్పైరా అనే బాక్టీరియా పగిలిన మడమ గుండా ఒంట్లోకి దిగిందనుకోండి. మాక్రోఫేజ్ అనే కాపలా కణాలు దాన్ని గుర్తుపట్టి మూడు ముఖ్యమైన అణువుల్ని వదులుతాయి: ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్. వీటి ఉమ్మడి పేరు సైటోకైన్లు. ఇవి పెద్ద అణువులు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడని మామూలుగా దాటలేవు. కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నా లాకులు తీస్తేనే కదా కింది చేలకి దిగేది. ఈ కబురు దాటడానికి నాలుగు లాకులున్నాయి. కడుపులోంచి మెదడు మొదలుకి వెళ్ళే వేగస్ నాడి మొదటిది. సైటోకైన్లు దాన్ని తడితే కబురు నరం మీదుగా వెళ్ళిపోతుంది. ఎలుకల్లో ఆ నాడిని కోసేస్తే, తక్కువ మోతాదు ఇంటర్‌ల్యూకిన్-1 ఇచ్చినప్పుడు రావాల్సిన నిద్ర రాలేదు, లేదా బాగా తగ్గిపోయింది. మోతాదు పెంచితే వేరే దారులు అందుకున్నాయి. రెండోది, మెదడులో గోడ పలచగా ఉండే కొద్దిపాటి చోట్లు. మూడోది, సైటోకైన్లని పట్టుకుని అవతలికి మోసే రవాణా వ్యవస్థ. నాలుగోది నాకు అన్నిటికన్నా ఆసక్తికరం: మెదడు రక్తనాళాల లోపలి కణాలు సైటోకైన్‌ని లోపలికి రానివ్వకుండానే, దాని తాకిడికి తామే ప్రోస్టాగ్లాండిన్ తయారు చేసి మెదడు వైపు వదులుతాయి. ఉత్తరం గుమ్మం దగ్గరే చదివేసి, సంగతి మాత్రం లోపలికి కేకేసి చెప్పినట్టు.

లోపలికి చేరిన కబురుని మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు అనే మెదడు కణాలు అందుకుని, మెదడు సొంత ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్‌లని తయారు చేస్తాయి. అక్కణ్ణుంచి పని రెండుగా చీలుతుంది. హైపోథాలమస్ ముందు భాగంలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 ఒంటి వేడిని పెంచుతుంది. దానికి తోబుట్టువైన ప్రోస్టాగ్లాండిన్ డీ2 నిద్ర తెస్తుంది. జపాన్ శాస్త్రవేత్త ఒసాము హయాయిషి బృందం 1980లలో దీన్ని వెలికితీసింది. డీ2 తయారయ్యేది ముఖ్యంగా మెదడుని కప్పిన పొరల్లో. అది తన గ్రాహకం (కణం మీద కబురందుకునే చోటు) మీద వాలితే, మగత తెచ్చే ఆడినోసిన్ అనే అణువు పెరుగుతుంది. ఆడినోసిన్ ఏ2ఏ అనే గ్రాహకం ద్వారా నిద్ర పుట్టించే నాడీకణాల్ని లేపుతుంది. అవి లేచి, మెలకువ కణాల నోరు మూయిస్తాయి.

టీ ఎక్కడ అడ్డం పడుతుందో ఇప్పుడు తెలుస్తుంది. కెఫీన్ కూర్చునేది సరిగ్గా ఆ ఏ2ఏ గ్రాహకం మీదే. నలతగా ఉందని గంటకో అల్లం టీ తాగేవాళ్ళు అల్లం పేరు చెప్పుకుని కెఫీన్ తాగుతున్నారు. ఆడినోసిన్ ఎక్కడికీ పోదు, కబురు వినపడకుండా చెవిలో దూది పెట్టుకున్నట్టు, అంతే. కెఫీన్ సగం విరగడానికి దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం 6 గంటల టీ రాత్రి 11కి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. గొంతుకి వెచ్చగా కావాలంటే శొంఠి కషాయమో, మిరియాల చారో తాగొచ్చు. అందులో కెఫీన్ లేదు.

‘జ్వరంలో నిద్ర వస్తుందంటారు, మరి 103 జ్వరంలో రాత్రంతా దొర్లడమే గానీ కన్ను మూతపడదే’ అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు మోతాదులో ఉంది. జర్మనీలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్‌ని అతి కొద్దిగా ఎక్కించి నిద్ర కొలిచారు. కొంచెం ఇస్తే గాఢనిద్ర పెరిగింది. మోతాదు పెంచితే నిద్ర ముక్కలైపోయింది. సైటోకైన్లు కొద్దిగా ఉంటే నిద్రమందు, పొంగిపొర్లితే నిద్రకి శత్రువు. అందుకే నలత రోజున మగత, మర్నాడు జ్వరం ఎక్కాక కలత నిద్ర, ఇంకా ముదిరితే సంధి ప్రేలాపన.

ఇంకో మార్పు కూడా జరుగుతుంది. జ్వరంలో కలలొచ్చే రెమ్ నిద్ర తగ్గిపోతుంది. దానికి తర్కం తెలిశాక ఒళ్ళు లెక్క ఎంత పకడ్బందీగా వేస్తుందో అనిపిస్తుంది. రెమ్ నిద్రలో కండరాలు పూర్తిగా సడలిపోతాయి, వణకడం కుదరదు. ఒంటి వేడిని అదుపు చేసే యంత్రాంగం దాదాపు ఆగిపోతుంది. జ్వరం తెచ్చుకోవాలంటే మాత్రం వణకాలి. వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి ఒంటి ఖర్చు 10 నుంచి 13 శాతం పెరుగుతుంది. అంత ఖర్చు పెట్టాలంటే ఇంకోచోట మిగల్చాలి. కదలకుండా పడుకోబెట్టే గాఢనిద్ర ఉంచి, వణుకుని ఆపే కలల నిద్రని పక్కన పెట్టడమే సరైన బేరం.

ఈ అణువులు జబ్బుకే పరిమితం అనుకోకండి. ఏ జబ్బూ లేని రోజున కూడా రాత్రి నిద్ర తెచ్చేవాటిలో ఇవీ ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-1 గ్రాహకం గానీ, టీఎన్ఎఫ్ గ్రాహకం గానీ లేకుండా పుట్టించిన ఎలుకలు మామూలు ఎలుకల కన్నా తక్కువ నిద్రపోతాయి. నాడీకణం పనిచేసినప్పుడల్లా, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు కాస్త బయటికి పడుతుంది. అది పక్కనున్న గ్లియా కణాల్ని తట్టి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వదిలిస్తుంది. ఎలుక మీసాన్ని పదే పదే కదిపితే, ఆ మీసానికి సంబంధించిన మెదడు ముక్కలోనే ఇవి పెరిగాయి. మెదడు ఒక పక్క మాత్రమే టీఎన్ఎఫ్ రాస్తే ఆ పక్కనే నిద్ర అలలు లోతయ్యాయి. నిద్ర మొదట మెదడులో ముక్కలు ముక్కలుగా, బాగా అలిసిన చోట మొదలవుతుందని క్రూగర్ వాదన. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, కానీ నాకు నచ్చింది.

సరే, ఒళ్ళు నిద్ర తెప్పించుకుంటుంది, ఒప్పుకుందాం. దానివల్ల మేలు జరుగుతుందని రుజువేమిటి? తరచు చెప్పే రుజువు 1993 నాటి కుందేళ్ళది. ఇన్‌ఫెక్షన్ వచ్చాక ఎక్కువసేపు, గాఢంగా నిద్రపోయిన కుందేళ్ళు ఎక్కువగా బతికాయని లిండా టాథ్ బృందం చూపించింది. నన్నడిగితే ఇది బలహీనమైన సాక్ష్యం. జబ్బు తక్కువగా ఉన్నవే బాగా నిద్రపోయి ఉండొచ్చు కదా. దానికన్నా ఈగల ప్రయోగం గట్టిది. 2019లో పెన్సిల్వేనియాలో 12,000 పైచిలుకు పండు ఈగల రకాల్ని జల్లెడ పడితే నిద్ర పెంచే జన్యువు ఒక్కటే దొరికింది. జపాన్ భాషలో నిద్ర అనే అర్థం వచ్చేలా దానికి ‘నెమురి’ అని పేరు పెట్టారు. అది తయారు చేసే పదార్థం బాక్టీరియాని చంపే పెప్టైడ్! దాన్ని పెంచితే ఇన్‌ఫెక్షన్ సోకిన ఈగలు ఎక్కువ నిద్రపోయాయి, ఎక్కువ బతికాయి. క్రిమిని చంపే మందూ, నిద్రమందూ ఒకే సీసాలో.

మనకి ఇంకా దగ్గరిది 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఎలుకలకి గుండెపోటు తెప్పిస్తే, రక్తంలోని మోనోసైట్లు అనే తెల్లకణాలు మెదడులోని థాలమస్ అనే భాగానికి చేరి అక్కడ టీఎన్ఎఫ్ తయారు చేశాయి. దాంతో గాఢనిద్ర పెరిగింది. ఆ నిద్రని మధ్యమధ్యలో చెడగొడితే గుండెలో ఇన్‌ఫ్లమేషన్ పెరిగి, గుండె పనితీరు దెబ్బతింది. గుండెపోటు తర్వాతి వారాల్లో నిద్ర సరిగా లేని రోగులు కూడా వెనకబడ్డారని అదే పరిశోధన చెప్పింది.

ఈ సంగతి చదివినప్పటినుంచీ మన పరామర్శల మీద నాకు గుర్రుగా ఉంది. గోదావరి మర్యాద గొప్పదే, కాదనను. కానీ రోగి మంచం చుట్టూ పొద్దుటినుంచి రాత్రి పదింటిదాకా బత్తాయిలు, కొబ్బరిబొండాలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కళ్ళు మూసుకున్నవాణ్ణి ‘బావగారూ, ఎలా ఉంది?’ అని లేపి మరీ అడగడం మర్యాద కాదు. చూడ్డానికి రాలేదని రేపు మాటొస్తుందన్న భయమే అందులో ఎక్కువ. వెళ్ళండి, ఇంట్లోవాళ్ళతో వరండాలో మాట్లాడండి, పళ్ళు ఇచ్చి రండి. మనిషి నిద్రలో ఉంటే తలుపు దగ్గరనుంచే చూసి తిరిగిరావడం కన్నా పెద్ద సాయం లేదు.

నిద్ర లేకపోతే ఏమవుతుందో మనుషుల్లోనూ కొలిచారు. 164 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్ళకి, ఏడు గంటలు దాటి నిద్రపోయేవాళ్ళతో పోలిస్తే జలుబు పట్టే అవకాశం దాదాపు నాలుగు రెట్లు. 2002 నాటి ఇంకో పరిశోధనలో రోజుకి నాలుగు గంటలే నిద్రపోనిచ్చి ఫ్లూ టీకా వేస్తే, పదో రోజుకి యాంటీబాడీలు మామూలు నిద్ర ఉన్నవాళ్ళ కన్నా సగానికి పడిపోయాయి. తర్వాతి వారాల్లో ఆ తేడా పూడిపోయింది. టీకా వేయించుకునే వారంలో బాగా పడుకోమనడానికి ఇది చాలు, నిద్ర లేకపోతే టీకా దండగ అనడానికి చాలదు.

ఇక సూది సంగతి. ఊళ్ళలో జ్వరానికి పొడిచే సూదిలో చాలాసార్లు ఉండేది డైక్లోఫెనాక్, దాంతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ చేసే పనేమిటంటే, పైన చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్‌ల తయారీనే ఆపేస్తుంది. గంటల్లో నలత మాయం, ఆకలి వేస్తుంది, ఒళ్ళు తేలికవుతుంది. ‘ఆయన చెయ్యి మంచిది’ అని పేరొస్తుంది. క్రిమి మాత్రం ఉన్నచోటే ఉంది, కాపలావాడి నోట్లో గుడ్డ కుక్కారంతే. పైగా డెక్సామెథసోన్ ప్రభావం ఒకటిన్నర నుంచి రెండు రోజులు ఉంటుంది. సాయంత్రం వేస్తే ఆ రాత్రి నిద్ర హుళక్కి. షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ ఎగబాకుతుంది. స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు, సమయం తప్పిన మందు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష దీన్ని తేల్చేసింది: కోవిడ్‌తో వెంటిలేటర్ మీదున్నవాళ్ళకి రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ మరణాల్ని మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ మీదున్నవాళ్ళకి ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మేలేమీ చెయ్యలేదు. సైటోకైన్లు గట్టు తెగి పొర్లుతున్నప్పుడు అడ్డుకట్ట వెయ్యాలి. చేలో నీళ్ళు పారాల్సిన రోజున కాలువ కట్టేస్తే పంట ఎండుతుంది.

డైక్లోఫెనాక్‌తో ఇంకో ముప్పు. మన దగ్గర వానాకాలం జ్వరాల్లో ఏది డెంగీయో మొదటి రెండు రోజుల్లో చూపుతో చెప్పలేం. డెంగీలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్ళకి 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకి. ఏ కారణంగానూ రోజుకి 4 గ్రాములు దాటకూడదు. కాలేయం జబ్బున్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు ఇంకా తక్కువ వాడాలి, డాక్టరుని అడిగి. పిల్లలకి కిలో బరువుకి 15 మిల్లీగ్రాముల లెక్క. ఎప్పుడు వెయ్యాలంటే, అంకె చూసి కాదు, మనిషిని చూసి. 100 జ్వరంతో హాయిగా నిద్రపోతున్నవాణ్ణి లేపి మాత్ర మింగించడం తెలివితక్కువ. 102 ఎక్కి, ఒళ్ళు నొప్పులతో దొర్లుతూ నిద్రపట్టక మూలిగేవాడికి వేస్తే ఆ మాత్ర నిద్రకి దారిస్తుంది.

చలి పుడుతున్నంతసేపు దుప్పటి కప్పండి, చెమట పట్టగానే తీసెయ్యండి. చెమటలో కూడా రగ్గులు తియ్యకపోవడం మన ఇళ్ళలో మామూలే, దాంతో వేడి దిగక నిద్ర చెడుతుంది. ఫ్యాను వెయ్యొచ్చు. ఐసు నీళ్ళ గుడ్డలు వద్దు, వణుకు పుట్టి వేడి మళ్ళీ ఎక్కుతుంది. మెలకువ వచ్చినప్పుడల్లా గ్లాసుడు మజ్జిగో, జావో, ఓఆర్ఎస్సో పట్టించండి. ఆరు గంటలకోసారైనా మూత్రం వస్తోందా, రంగు లేతగా ఉందా అని చూసుకోండి. తాగగలిగినవాడికి సెలైను సీసా అక్కర్లేదు. లీటరు నార్మల్ సెలైనులో ఉండేది నీళ్ళూ 9 గ్రాముల ఉప్పూ.

చెరువుల కాపలా గురించి వేరే చెప్పాలి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు మీద ఉండేవాడికి అసలు పని తెల్లవారుజామునే. రాత్రంతా నాచు ఆక్సిజన్ వదలదు సరికదా, తానే వాడేస్తుంది. 3 నుంచి 5 గంటల మధ్య నీళ్ళలో ఆక్సిజన్ అడుక్కి వెళ్తుంది. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వెయ్యడానికి మనిషి లేస్తేనే పంట దక్కేది. అలాంటివాడితో ‘ఎనిమిది గంటలు పడుకోవయ్యా’ అనడం అతని కడుపు తెలియని మాట. కానీ 2004లో కొలిచి చూస్తే, ఎనిమిది గంటలు నిద్రపోయే ఆరోగ్యవంతుల్ని వారం రోజులు ఆరు గంటల నిద్రకే లేపేస్తే రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగింది, మగవాళ్ళలో టీఎన్ఎఫ్ కూడా. జబ్బు లేకుండానే నలత అణువులు తిరుగుతున్నాయన్నమాట. జ్వరం వచ్చిన రోజుల్లో అతన్ని ఆ 3 నుంచి 5 గంటల వంతు నుంచి తప్పించడం యజమాని చెయ్యగలిగిన పని. పక్క చెరువువాడితో మూడు రాత్రులు వంతు మార్చుకుంటే సరిపోతుంది. మగతలో ఉన్నవాడు ఏరియేటరు ఆగిన సంగతి ఆలస్యంగా పోల్చుకుంటే పోయేది యజమాని పంటే కదా, ఆ లెక్కన అయినా.

ఇప్పుడు లేపాల్సిన మగతల గురించి. జ్వరం నిద్రలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే లేస్తాడు, విసుక్కుంటాడు, మనిషిని గుర్తుపడతాడు, నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంటాడు. ఎంత పిలిచినా లేవకపోతే, లేచి పొంతన లేకుండా మాట్లాడితే, మెడ బిగుసుకుంటే, ఫిట్స్ వస్తే, ఊపిరి ఎగపోస్తుంటే, అది మెదడువాపో, మెదడుకెక్కిన మలేరియానో, మరొకటో. ఇంట్లో ఉంచకూడదు. డెంగీలో ఇంకో మెలిక ఉంది. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే వేళే అసలు ప్రమాదం. ‘జ్వరం తగ్గింది, హాయిగా పడుకున్నాడు’ అనుకుంటుండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం, నిస్త్రాణగా సోలిపోవడం కనిపిస్తే రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోతోందని అర్థం.

షుగర్ ఉన్నవాళ్ళకి ‘లంఖణం పరమౌషధం’ పనికిరాదు. అన్నం మానేసి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో మామూలుగా వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి తూగుతుంటే జ్వరం దిగుతోందనుకుంటారు. గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువైతే, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి పట్టి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికే. కింద పడుకున్నవాడు తెల్లారి కళ్ళు తెరవలేకపోతే, రెప్పలు వాలిపోతుంటే, మింగుడు పడకపోతే కట్లపాము గుర్తుకురావాలి. దాని కాటు నొప్పి పుట్టదు, గాటు కనపడదు. అది నిద్రమత్తు కాదు, రెప్పలెత్తే కండరాలకి పక్షవాతం.

వారాలు, నెలల తరబడి ఉండే పగటి మగత ఇంకో జాతి. దాన్ని ‘ఒళ్ళు అడుగుతోంది’ అని పడుకుంటే తీరదు. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఆగి నిద్రపోయేవాళ్ళలో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉంటాయి. 2004లో అలాంటి ఎనిమిది మంది లావుపాటి మగవాళ్ళకి టీఎన్ఎఫ్‌ని పట్టేసే ఎటనర్సెప్ట్ మందు ఇస్తే పగటి మగత బాగా తగ్గింది. చిన్న పరీక్షే, దాంతో ఎవరూ గురకకి ఆ సూది వాడరు. కానీ మనుషుల్లో మగతకి ఈ అణువు చెయ్యి ఉందని అంత సూటిగా చూపించినవి తక్కువ. గురకకి కావలసింది నిద్ర పరీక్ష, బరువు తగ్గడం, అవసరమైతే గాలి ఒత్తిడితో ఊపిరి దారి మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు అమ్మేవాళ్ళు ఇక్కడ కూడా తయారవుతారు. ఇన్ని పుటల్లో చెప్పిన నలతంతా ఇమ్యూనిటీ పనిచేస్తున్నందువల్ల వచ్చిందే. దాన్ని నిజంగా పెంచే పొడి ఉంటే, తాగిన రోజున మీకు కాళ్ళు పీకి, మగత రావాలి.

ఒక్క పనికి మాత్రం డెల్టాలో రాత్రి నిద్ర చెడగొట్టుకోవాల్సిందే. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య రక్తంలోకి వస్తాయి, దోమ కుట్టే వేళకి. అందుకే రక్తపు చుక్క తీసుకోవడానికి ఆరోగ్య సిబ్బంది ఆ వేళకి తలుపు కొడతారు. విసుక్కోకుండా లేచి వేలు చాపండి. ఇందులోనూ నిద్రకి పాత్ర ఉంది: 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ అనే డాక్టరు ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేలుకోబెడితే, కొద్ది రోజుల్లో పురుగులు కూడా వేళ మార్చుకుని పగలు రక్తంలోకి వచ్చాయి. కాబట్టి ఏడాది పొడవునా చెరువు మీద రాత్రి మేలుకుని పగలు పడుకునే మనిషికి రాత్రి తీసిన రక్తంలో ఏమీ కనపడకపోయినా నమ్మకం లేదు. రక్తం తీసేవాళ్ళకి తన నిద్ర వేళలు చెప్పాలి, లేదా ఏ వేళ తీసినా పట్టిచ్చే యాంటిజెన్ స్ట్రిప్ పరీక్ష అడగాలి.